సారవ్వ శోకానికో శవం

ఆ గురువారం పొద్దున లింగమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. మహమూద్ కంటే ముందు గోదావరిఖని బస్సెక్కాలి. అంతే.

లింగమూర్తిది కరీంనగర్‌లో కళల ఆఫీసు ఉద్యోగం. ఊళ్లు తిరిగి, పాత పాటలు, పాత కథలు తెలిసినవాళ్లను వెతికి, వాళ్ల గొంతును టేప్ రికార్డరులో పట్టుకొచ్చి బీరువాలో పెట్టి తాళం వేయాలి. బీరువాలో పెడితే కళ బతుకుతుందని సర్కారు నమ్మకం. మహమూద్‌ది కూడా అదే పని. ఇద్దరూ ఒకే ఏడు చేరారు, ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నారు. జీతంలో తేడా లేదు. తేడా అంతా చాయ్ దగ్గర వచ్చింది.

అటెండరు చాయ్ తెచ్చి ముందు మహమూద్ బల్ల మీద పెట్టేవాడు. అక్కడ నాలుగు ముచ్చట్లు చెప్పుకొని, నవ్వుకొని, ఆ తర్వాత లింగమూర్తి దగ్గరికి వచ్చేవాడు. అప్పటికి చాయ్ మీద మీగడ కట్టేది. ఇన్నేళ్లుగా ఆ మీగడను వేలితో తీసి పారేస్తూ లింగమూర్తి లోలోపల ఉడికిపోయాడు. మహమూద్ ఏ ఊరికి పోయినా ముసలవ్వలు పిలిచి బువ్వ పెట్టి మరీ పాడేవారు. లింగమూర్తి పోతే జనాభా లెక్కకు వచ్చాడనుకొని తలుపు వేసుకునేవారు. చివరికి ఇంట్లో భార్య భూలక్ష్మి కూడా, "మహమూదన్న ఎంత మంచిగ మాట్లాడ్తడో!" అనేది. అలా అన్న పూట లింగమూర్తికి కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

ఇప్పుడు ఆఫీసులో పెద్దసారు దిగిపోతున్నాడు. తెల్ల టవలు పరిచిన ఆయన కుర్చీ ఖాళీ అవుతోంది. సోమవారం నాడు హైదరాబాద్ నుంచి డైరెక్టరు వచ్చి, ఇద్దరూ తెచ్చిన కొత్త పాటలు విని, ఎవరిది బాగుంటే వాళ్లకు ఆ కుర్చీ ఇస్తాడని కబురు. మహమూద్ అప్పటికే రామగిరి దిక్కు ఊళ్ల నుంచి పీర్ల పండుగ పాటలు పట్టుకొచ్చాడు. వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. లింగమూర్తికీ నిక్కబొడుచుకున్నాయి. అందుకే ఆ పూట అన్నం తినలేదు. తన దగ్గరున్నదల్లా ఒక నాట్ల పాట. అందులో పాట కంటే కుక్క ఎక్కువ వినిపిస్తుంది.

బుధవారం సాయంత్రం మహమూద్ అటెండరుతో, "రేపు ఖనికి పోతున్న, జర పనున్నది" అంటుంటే లింగమూర్తి చెవిన పడింది. ఖనిలో ఏముంది? బొగ్గు ఉంది. బొగ్గు తర్వాత సారవ్వ ఉంది. చావింట్లో శోకాలు పెట్టి ఏడవడంలో సారవ్వను మించిన మనిషి గోదావరికి ఇవతల లేదని పేరు. ఆమె రాగం ఎత్తుకుంటే పోయినవాడి పగవాళ్లు కూడా వెక్కి వెక్కి ఏడ్చి, ఇంటికి పోయాక ఎందుకేడ్చామా అని చింతించేవారట. మహమూద్ పని అదే అయ్యుంటుంది. ఇంకేముంటుంది!

అందుకే తొలి బస్సు.

సారవ్వ కొడుకు కొమురెల్లి బొగ్గుబాయిలో కార్మికుడు. వాళ్లది కంపెనీ క్వార్టరు, వరుసగా కట్టిన ఇళ్ల లైనులో ఒకటి. ముందు చిన్న వాకిలి, దడి మీదికి వంగిన పక్కింటి మునగచెట్టు, ఓ నీళ్ల గోలెం. లింగమూర్తి పోయేసరికి కొమురెల్లి రాత్రి షిఫ్టు చేసి వచ్చి లోపల ముసుగు తన్ని పడుకున్నాడు. కోడలు పుట్టింటికి పోయింది. సారవ్వ వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, నేను సర్కారు కళల ఆఫీసుల పని చేస్త. నీ శోకం టేపుల వట్టుకపోదామని వచ్చిన," అన్నాడు లింగమూర్తి.

"ఎవలు సచ్చిండ్రు కొడుకా?"

"ఎవలు సావలేదు."

"మరి నేనెందుకు ఏడ్వాలె?"

లింగమూర్తి గొంతు సవరించుకొని, కళలు ఎట్లా అంతరిస్తున్నాయో, సర్కారు ఎట్లా వాటిని కాపాడుతోందో చెప్పుకొచ్చాడు. సారవ్వ చింతపండు ఆపకుండా అంతా వింది.

"మాట మంచిగనే ఉన్నది గని, శవం లేంది శోకం ఎట్లొస్తది బిడ్డా? నేనేమన్న రేడియోనా, చెవి మెలేస్తె పాడెతందుకు?"

లింగమూర్తి ఆలోచించి, లోపలి నుంచి ఒక దిండు తెచ్చి, చాప మీద పెట్టి దుప్పటి కప్పాడు. సారవ్వ దాని తలాపున కూర్చొని, కళ్లు మూసుకొని, తెరిచి, దిండు దిక్కు చూసి నవ్వింది.

"దీనికి అవ్వ లేదు, అయ్య లేడు. ఏమని ఏడ్వాలె? దూది మంచిదని ఏడ్వాల్నా?"

"పోనీ మీ కొడుకును జరసేపు..." అని లింగమూర్తి లోపలికి చెయ్యి చూపించాడు. "ఎట్లన్న పండుకొనే ఉన్నడు గద."

సారవ్వ చేతికి చీపురు వచ్చింది. "దినాం పానం అరచేతుల వెట్టుకొని బాయిలకు దిగేటోని మీద నేను శోకం వెట్టాల్నా? నీ నోట్ల మన్ను వడ! లే, నడువు!"

లింగమూర్తి టేప్ రికార్డరు సంకన పెట్టుకొని దడి దాకా వచ్చాడు. అక్కడే ఆగిపోయాడు. ఎదురుగా వీధిలో మహమూద్ పోతున్నాడు. కొత్త చొక్కా, చెవిలో అత్తరు దూది, పక్కన ఎవరితోనో నవ్వుకుంటూ. వెనక లైను దిక్కు మలుపు తిరిగాడు. చుట్టూ తిరిగి ఈ లైనుకే వస్తాడు. నవ్వుతాడు. సారవ్వ బువ్వ పెడుతుంది. దిండు మీద కూడా ఏడుస్తుంది.

లింగమూర్తి గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"అవ్వా, నేను పండుకుంట. నా మీద ఏడువు."

సారవ్వ అతన్ని కింది నుంచి పైకి చూసింది. పని అంటే పనే అనే మనిషి ఆమె. "అట్లయితె నీ పేరు చెప్పు. భార్య పేరు చెప్పు. ఏం పని చేస్తవో మల్ల ఒక్కపారి చెప్పు" అని అన్నీ అడిగి తెలుసుకుంది. చాప మీద దక్షిణం తల పెట్టించింది. కాళ్ల బొటనవేళ్లు కలిపి గుడ్డపీలికతో కట్టింది. ముక్కులో దూది పెట్టి, తలాపున దీపం వెలిగించింది. ఆ డబ్బా కనపడితే ఏడుపు రాదని టేప్ రికార్డరును మీట నొక్కించి గోలెం వెనక పెట్టించింది. చివరికి, "నీ కండ్లు నన్నే సూస్తున్నయ్" అని ముఖం మీద కూడా గుడ్డ కప్పేసింది.

"ఇగ విను. ఒక్కపారి ఎత్తుకున్నంక నన్ను ఆపొద్దు. నడుమ ఆపితె ఆ శోకం మా ఇంట్లనే కూసుంటది."

"ఆపనవ్వా."

"పీనుగలు మాట్లాడయి."

సారవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని రాగం ఎత్తుకుంది.

"తొలిబస్సు ఎక్కితివి కొడుకో... నా లింగమూర్తీ... పాటల మూట కట్టను వస్తివి కొడుకో... మూట కట్టకముందే నువ్వే మూటైతివి కొడుకో... భూలక్ష్మి వండిన బువ్వ సల్లారకముందే నీ ఒళ్లు సల్లారె కొడుకో..."

గుడ్డ కింద లింగమూర్తికి ముక్కులో దూది తడిసింది. అయ్యో, ఎంత మంచివాణ్ణి పోయాను అనుకున్నాడు. ఇదీ పాటంటే! మహమూద్ పీర్ల పాటలు దీని ముందు ఏ మూలకు?

అయితే శోకంలో ఒక పద్ధతుంది. కొత్తగా పోయినవాణ్ణి తీసుకుపొమ్మని ముందు పోయినవాళ్లను పిలుస్తారు. సారవ్వ తన మొగుణ్ణి పిలిచింది. "పులి అసొంటి మొగోడా... బండెడు బొగ్గు ఒక్కనివే ఎత్తినోడా... కొడుకును నీ తానకు పంపుతున్ననయ్యా... నీ అసొంటోడు ఈ కాలనిల మల్ల పుట్టలేదయ్యా..." అని ఇక ఆయన మీదే పడింది. లింగమూర్తి కొంతసేపు ఓర్చుకున్నాడు. తర్వాత లోపల చుర్రుమంది. శవం తనైతే పొగడ్తలు ఆయనకా? తనకు 'మంచోడా' అని ఒక్కసారైనా రాలేదే!

అప్పుడే పక్క క్వార్టరు మల్లక్క పరుగెత్తుకొచ్చింది. చావింటికి వచ్చిన ఆడవాళ్లు ముందు మెడ పట్టుకొని ఏడ్చి, ఎవరని తర్వాత అడగడం ఆ లైనులో మర్యాద. ముందే అడిగితే చూడ్డానికి వచ్చినట్టుంటుంది. సారవ్వ "కొడుకును పంపుతున్న" అంటోంది. చాప మీద మగమనిషి. ఇంకా అడిగేదేముంది?

"అయ్యో కొమురెల్లీ! మొన్ననే నా మునక్కాయలు దెంపితివని తిడితిని గద కొడుకా!" అని మల్లక్క సారవ్వ మెడ పట్టుకొని గొంతు కలిపింది.

మల్లక్క గొంతు లైను చివరి దాకా పోతుంది. ఒక్కొక్కరూ వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఏడుపులో కలిశారు. లైనులో శవం లేచేదాకా ఎవరూ పొయ్యి రాజేయకూడదు. మండే బొగ్గుపొయ్యిల మీద నీళ్లు పోసి, సగం ఉడికిన అన్నం అలాగే వదిలేసి వచ్చారు. రెండో షిఫ్టుకు పోయే మగవాళ్లు డబ్బాలు ఖాళీగా పట్టుకొని వాకిట్లో నిలబడ్డారు. యూనియన్ లీడరు పోశం ఓ పూలదండతో, వెనకాల డప్పులవాళ్లతో దిగాడు.

లింగమూర్తి లేద్దామనుకున్నాడు. కాని చెవులు అతన్ని లేవనివ్వలేదు. సారవ్వ ఒక చరణం అంటుంటే లైనంతా అందుకుంటోంది. పైన డప్పు. ఇలాంటిది మహమూద్‌కు ఏడు జన్మలెత్తినా దొరుకుతుందా? ఇంకొక్క చరణం అయ్యాక లేస్తానని అనుకున్నాడు. ఆ చరణం అయ్యాక ఇంకొక్కటి అనుకున్నాడు.

పోశం దండ వేసి, పిడికిలి ఎత్తాడు. "కొమురెల్లి అన్న ఎట్ల సచ్చిండో కంపెనీ పెద్దసార్లు వచ్చి జవాబు చెప్పాలె! అప్పటిదాక శవం లేవది! షిఫ్టు దిగది! కొమురెల్లీ..."

"అమర్ రహే!" అన్నారు అందరూ.

"ఏందే అవ్వ ఈ లొల్లి? షిఫ్టు చేసొచ్చినోన్ని పండుకోనియ్యరా?" అంటూ కొమురెల్లి లుంగీ బిగించుకుంటూ గడపలోకి వచ్చాడు.

డప్పు ఆగింది. మల్లక్క అతన్ని చూసి, "వామ్మో!" అని సొమ్మసిల్లి సరాసరి శవం పొట్ట మీద పడింది. శవం 'హుక్' అంది. ఆ గోలలో ఎవరూ వినలేదు.

పోశం పిడికిలి ఇంకా గాలిలోనే ఉంది. "కొమురెల్లీ... నువ్వు సావలేదా?"

"నేనెప్పుడు సచ్చిన్నే? నాకెవరు చెప్పలే!" కొమురెల్లి చాప దిక్కు చూశాడు. తన దుప్పటి కప్పుకొని ఎవడో పడున్నాడు. తల్లి కళ్లు మూసుకొని కొడుకో, కొడుకో అంటోంది. అతని ముఖం నల్లబడింది. "వీడెవడే అవ్వా? నేనుండంగ ఇంకో కొడుకు ఏడికెల్లి వచ్చిండు? నాకు కాలు ఇరిగి దవాఖానల వడితె సుత గింత మంచిగ ఏడ్వలేదు నువ్వు!"

శోకం నడుమ ఆపకూడదు గనుక సారవ్వ జవాబు కూడా రాగంలోనే చెప్పింది. "కరీంనగరం కళల ఆఫీసు కొడుకో... నా లింగమూర్తీ..."

"అరే పాపం, సర్కారు సారట," అన్నాడు పోశం పిడికిలి దించి. "డ్యూటీ మీద వచ్చి పోయినట్టున్నడు. గదే ఆఫీసాయన ఇంకొకలు ఇయ్యాల వెనక లైన్ల కుబ్రా బేగం ఇంటికి వచ్చిండు, ఆమె తమ్ముడు. పిలువుండ్రి జల్ది!"

గుడ్డ కింద లింగమూర్తి ఊపిరి ఆగినంత పనైంది. అక్క ఇల్లా? మహమూద్ వచ్చింది సారవ్వ కోసం కాదా?

మహమూద్ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. అక్క కూతురి నిశ్చితార్థం దావత్ వదిలేసి, చేతికి అంటిన మసాలాతోనే వచ్చాడు. తలాపున కూలబడి, శవం రొమ్ము మీద చెయ్యి పెట్టాడు. లింగమూర్తికి ఇదే లేవాల్సిన సమయమని తెలుసు. కాని ఈర్ష్య మళ్లీ అడ్డుపడింది. ఇప్పుడు కుర్చీ వీడిదే. లోపల నవ్వుకుంటుంటాడు. ఏమంటాడో విందాం.

"అరే లింగమూర్తి భాయ్! క్యా కియా యార్, గిట్లెట్ల పోయినవ్!" మహమూద్ మసాలా చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. "మొన్ననే డైరెక్టర్ సాబ్‌కు ఫోన్ చేసి చెప్పిన, కుర్చీ మా లింగమూర్తికే ఇయ్యుండ్రని! నేను పోతె జనం పిలిచి పాడ్తరు. గదేం గొప్ప? నిన్ను సూస్తె తలుపేస్కుంటరు. ఎండల నిలవడ్తవ్, మల్ల కొడ్తవ్ తలుపు. మల్ల కొడ్తవ్. కుక్కలు ఎంటవడ్డ సుత పాట పట్టుకొనే వస్తవ్. గట్ల తెచ్చుడు నాతోని కాదు భాయ్. నిన్ను సూస్తె నాకు కుళ్లు! ఖుదా సాక్షి, ఇన్నేండ్ల నుంచి కుళ్లు!"

లింగమూర్తి జన్మలో ఎన్నో ఓర్చుకున్నాడు. ఈ ఒక్క మాటకు ఓర్చుకోలేకపోయాడు. దిగ్గున లేచి కూర్చున్నాడు.

"నిజంగనా మహమూదూ? నా మీద నీకు కుళ్లా?"

ఆ తర్వాత వాకిట్లో ఎవరు ఎటు పోయారో చెప్పడం కష్టం. పోశం మునగచెట్టు ఎక్కాడు. డప్పులు ఉన్నాయి, డప్పులవాళ్లు లేరు. అప్పుడే తేరుకున్న మల్లక్క మళ్లీ పడిపోయింది. మహమూద్ మాత్రం కదల్లేక, లింగమూర్తి ముక్కులోని దూదిని చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు.

సారవ్వ ఒక్కతే విసుక్కుంది. "పండుకో కొడుకా, ఇంక అయిపోలే."

సంగతి తెలిశాక భయం పోయి కోపం వచ్చింది. ఆడవాళ్లు లింగమూర్తి చుట్టూ మూగారు. "మా పొయ్యిలు ఆర్పినవ్! పిల్లలు ఆకలికి ఏడ్వవట్టె! మొగోళ్లు ఖాళీ డబ్బలతోని బాయిలకు దిగాల్నా?" లింగమూర్తి రెండు చేతులూ జోడించి, కాళ్లకు కట్టిన పీలిక విప్పుకొని వెళ్లబోయాడు. సారవ్వ దారికి అడ్డం నిలబడింది.

"ఏడ్చిన పీనుగ నడిచి వాకిలి దాటొద్దు. లైనుకే మంచిది కాదు. మోసుకపోయి గోదాట్ల ముంచి తెండ్రి."

కుర్రకారు వెదురు పాడె అప్పటికే కట్టి పెట్టారు. దండ ఎలాగూ మెడలో ఉంది. లింగమూర్తిని పడుకోబెట్టి, డప్పులు కొట్టుకుంటూ గోదావరి ఒడ్డుకు మోసుకుపోయారు. ముందు కొమ్ము మహమూద్ పట్టాడు. వెనక కొమ్ము కొమురెల్లి పట్టి, మోసినంతసేపూ, "బరువున్నవే కొడుకా!" అని తల్లి రాగంలోనే వెక్కిరించాడు. మూడు మునకలు వేయించి, ఇక నడవొచ్చని ఒప్పుకున్నారు.

తడిబట్టలతో తిరిగొచ్చేసరికి లైనంతా కమ్మటి వాసన. మహమూద్ అక్కకు చెప్పి, దావత్ బగారన్నం గిన్నెలకు గిన్నెలు లైనుకు తెప్పించాడు. పిల్లలు తింటున్నారు. షిఫ్టు డబ్బాలు నిండుతున్నాయి. సారవ్వ మహమూద్ తల నిమిరి, "ఎంత మంచోనివి బిడ్డా" అంది.

లింగమూర్తి చొక్కా పిండుకుంటూ చూశాడు. తన చావులో కూడా పేరు వాడికే వచ్చింది.

సోమవారం డైరెక్టరు క్యాసెట్ విన్నాడు. సారవ్వ విన్నాడు, లైను ఏడుపు విన్నాడు. మహమూద్ మాటలు రాగానే వెనక్కి తిప్పించి మళ్లీ విన్నాడు. లింగమూర్తి తలవంచుకొని కూర్చున్నాడు, ఉద్యోగమే పోతుందని. ఆఖరున అరుపులు, డప్పు దొర్లిన చప్పుడు వచ్చి టేపు ఆగింది.

"మహమూద్ గారు ఫోన్‌లో చెప్పినప్పుడు మొహమాటానికి చెప్పారనుకున్నాను," అన్నాడు డైరెక్టరు. "శవం ముందర మనిషి అబద్ధం ఆడడు కదా. కుర్చీ లింగమూర్తి గారిదే."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మహమూదే.

అలా లింగమూర్తి తెల్ల టవలు కుర్చీలో కూర్చున్నాడు. అయితే పెద్దసారు గది వసారా చివర ఉంటుంది. చాయ్ మహమూద్ బల్ల దాటుకొని అంత దూరం రావాలి. మీగడ ఇంకా మందంగా కట్టింది. ఊళ్లలో తలుపులు ఎప్పటిలాగే మూసుకున్నాయి. మహమూద్ పొద్దున 'నమస్తే సార్' అంటాడు, సాయంత్రం 'వస్త సార్' అంటాడు. అంతకు మించి ఒక్క మంచి మాట లేదు.

ఓ రోజు లింగమూర్తి ఉండబట్టలేక పిలిచి అడిగేశాడు. "మహమూదూ, ఆనాడు నువ్వన్నది నిజమేనా? నా మీద కుళ్లని?"

మహమూద్ నవ్వాడు. "అరే సార్, పోయినోన్ని పొగడాలె గద. రివాజు."

ఇప్పుడు మధ్యాహ్నం బువ్వ తిన్నాక లింగమూర్తి తలుపు వేసుకొని, బీరువా తాళం తీసి ఆ క్యాసెట్ పెట్టుకుంటాడు. మహమూద్ ఏడుపు దాకా విని ఆపేస్తాడు. మహమూద్ మీద అతనికి కుళ్లు ఎప్పుడో పోయింది. ఉన్నదల్లా ఒక్కడి మీదే, ఆ క్యాసెట్‌లో చచ్చిపోయిన లింగమూర్తి మీద.